చేతులు దించి తీసిన కొలతలు

మా మేనత్తని వీధిలో అందరూ కత్తెరత్త అంటారు. చేసే పని వల్ల వచ్చిన పేరని ఆవిడ అనుకుంటుంది. కాదు, నోటి వల్ల వచ్చింది. ఆవిడ కత్తెర బట్ట మీద ఒక్కోసారి ఆగి ఆలోచిస్తుంది గానీ నోరు ఎప్పుడూ ఆగదు. కోటు కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషిని అద్దం ముందు నిలబెట్టి, "ఈ పొట్ట నీదేనా, దారిలో ఎవరిదైనా మోసుకొచ్చావా?" అని అడిగే రకం. అయినా వస్తారు. ఆవిడ కుట్టిన కోటు ఒకసారి భుజం మీద కూర్చుందంటే ఇక కదలదు.

నేను ఆవిడ తమ్ముడి కూతుర్ని. చదువు అబ్బక ఆవిడ దగ్గర చేరాను. కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం నా పని. ఆవిడ తిట్టి పంపినవాళ్ళ వెనక గుమ్మం దాకా పరిగెత్తి, బతిమాలి వెనక్కి తీసుకురావడం కూడా నా పనే. కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు నాకుంది. చెడ్డగా చెప్పే హక్కు కూడా ఉంది.

పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ యూనిఫాంల ఫ్యాక్టరీలో కటింగ్ చేసేది. గేటు దగ్గర కాపలావాళ్ళకి, లిఫ్టు నడిపేవాళ్ళకి, పెద్ద హోటళ్ళ గుమ్మాల దగ్గర బొమ్మల్లా నిలబడేవాళ్ళకి కోట్లు. అక్కడ ఒకటే నియమం: మనిషి చేతులు కిందికి దించి నిలబడితే కోటు మీద ఒక్క ముడత కనబడకూడదు. ముడత కనబడితే కోటు వెనక్కి. ఆ నియమం ఆవిడ ఎముకల్లోకి ఇంకిపోయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక వీధి వైపు గదిలో సొంత దుకాణం పెట్టుకుంది. ఒక నిలువుటద్దం, పొడవాటి చెక్కబల్ల, రెండు మిషన్లు. వెనక మూడు గదుల ఇల్లు. మా మామయ్య నెమ్మదస్తుడు. ఆ ఇంట్లో మాట్లాడ్డానికి ఒక్కరికే చోటుండేది కాబట్టి ఆయన ఎప్పుడూ విన్నాడు, వింటూనే ఒకరోజు పోయాడు. కొడుకు పెళ్ళి చేసుకుని వేరు కాపురం పెట్టాడు. మిగిలింది కూతురు. ఇంట్లో చిన్నది అంటాం.

చిన్నదానికీ తల్లికీ పడదు. పడకపోవడానికి కారణం సూది. వయొలిన్ నేర్చుకునే రోజుల్లో చిన్నది, "నేను కుట్టను. వేలి కొసకి సూది గుచ్చుకుంటే తీగ నొక్కలేను" అంది. పిల్ల అన్న మాట అంతే. కానీ కత్తెరత్త చెవికి అది వేరేగా వినబడింది. నీ పని నాకు తక్కువ అన్నట్టు వినబడింది. ఆ రోజు నుంచి చిన్నది వయొలిన్ తీస్తే చాలు, ఆవిడ చెప్పులేసుకుని బజారుకి వెళ్ళిపోయేది. కొనేదేమీ లేకపోయినా సరే. కూతురు పెద్దదై, సంగీత కళాశాలలో చదివి, పట్టా తెచ్చుకునేదాకా ఆవిడ ఆ పిల్ల వాయించగా ఒక్కసారి కూడా కూర్చుని వినలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

కళాశాల అయ్యాక చిన్నది మరో ముగ్గురితో కలిసి బృందం పెట్టింది. రెండు వయొలిన్లు, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా ఒకటి, అంతకంటే బాగా పెద్దదైన చెలో ఒకటి. ఎప్పుడో పోయిన స్వరకర్తలు సరిగ్గా ఈ నాలుగింటి కోసమే రాసి పెట్టిన సంగీతం వాయిస్తారు. మొదటి వయొలిన్ పొడుగ్గా, మెడ ముందుకి పెట్టి నడిచే కుర్రాడు. మా అత్త చూడగానే కొంగ అని పేరు పెట్టింది. వయోలా వాయించే అబ్బాయి నిద్రమొహం. కాళ్ళ మధ్య చెలో పెట్టుకుని వాయించే గుండ్రటి అబ్బాయి పీపా. మా చిన్నది రెండో వయొలిన్. "పుట్టడం రెండోది, వాయించడం రెండోది" అని తల్లి దెప్పేది.

ఒకరోజు నలుగురూ దుకాణానికి వచ్చారు. కచేరీకి ఒకేలాంటి నల్లకోట్లు కావాలట. ఇంట్లో దర్జీ ఉండగా బయట ఎందుకని కొంగ ఆలోచన. చిన్నదానికి ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలిసింది. మా అత్తకీ ఇష్టం లేదు. కానీ ఎదురుగా సూటు మాస్టారు అనే మరో దర్జీ ఉన్నాడు. వీళ్ళని పంపేస్తే అక్కడికే వెళ్తారు. అది చూస్తూ ఊరుకునే మనిషి కాదావిడ. టేపు మెళ్ళో వేసుకుని లేచింది.

"చేతులు దించు."

"ఆంటీ, మేం వాయించేటప్పుడు..." అని కొంగ మొదలుపెట్టాడు.

"మాట్లాడకు. మాట్లాడితే ఛాతీ కొలత మారుతుంది."

చిన్నది గోడకి ఆనుకుని చూస్తోంది. "అమ్మా, మేం చేతులెత్తి వాయిస్తాం. చెయ్యి ఎత్తించి కొలువు."

"చెయ్యి ఎత్తడం, దించడం మనిషి పని. కోటు పని కాదు. నాకు నేర్పకు."

"ఒక్కసారి వచ్చి చూస్తే తెలిసేది కదా మేం ఎలా వాయిస్తామో."

"నువ్వు ఒక్కసారి సూది పట్టుకునుంటే నీకే తెలిసేది."

అంతటితో ఆ సంభాషణ ముగిసింది. కచ్చాకుట్టు వేసి ట్రయల్‌కి పిలిస్తే ముగ్గురే వచ్చారు, చిన్నది పంతం పట్టి రాలేదు. ఆ ముగ్గురూ అద్దం ముందు పెళ్ళికొడుకుల్లా చేతులు దించి నిలబడి, ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. ఒక్కడికైనా చెయ్యెత్తి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు. నాకూ పుట్టలేదనుకోండి. కోట్లు అంత బాగున్నాయి మరి. నల్లరాయి చెక్కినట్టు, ఒక్క గీత లేదు.

మొదటి కచేరీ అయిన మర్నాడు పొద్దున్నే చిన్నది తన కోటు తెచ్చి బల్ల మీద విసిరేసింది.

"చెయ్యి లేవలేదమ్మా. ఎత్తితే కోటంతా చెవుల దాకా వస్తోంది. కమాను సగం దాకా కూడా లాగలేకపోయాం. రెక్కలు కట్టేసిన కోళ్ళలా కూర్చున్నాం నలుగురం."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో."

"మద్దెల ఓడే. కావాలంటే చూసుకో."

చిన్నది విసవిసా లోపలికి వెళ్ళిపోయింది. మా అత్త కాసేపు గొణిగింది. తర్వాత నేను చూడటం లేదనుకుని కోటు తనే తొడుక్కుంది. ఎడమ చెయ్యి ముందుకి చాపి, గడ్డం భుజం మీదకి వంచి, కుడిచెయ్యి గాల్లో అటూ ఇటూ లాగింది. బిగిసిపోయింది. ఆవిడ మొహం ఎర్రబడింది. కోటు విప్పి, తిరగేసి, చంక కింద ఎక్కడ కుట్టు విప్పాలో సుద్దముక్కతో గీత గీసింది. తప్పు చేశానని నోటితో అనలేదు. ఆ గీతే ఒప్పుకోలు. ఆవిడతో ఇన్నాళ్ళు పని చేసినదాన్ని, నాకు తెలుసు.

రెండు రోజుల్లో అయ్యే పని అది. ఈలోగా పేపరు వచ్చింది.

సంగీతం గురించి రాసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన మెచ్చితే హాళ్ళవాళ్ళు తలుపులు తెరుస్తారు, మెచ్చకపోతే మూస్తారు. ఆయన ఆ కచేరీకి వచ్చాడని ఎవరికీ తెలియదు. ఇలా రాశాడు: "ఇంత చిన్న వయసులో ఇంత నిగ్రహమా! వీరి కమానులు తమ పొడవును తామే మరిచినట్టున్నాయి. ఎగసిపడవలసిన చోట ఎగసిపడక, అరవవలసిన చోట గొంతు తగ్గించి, ఈ యువబృందం మన చెవులకు వినడం నేర్పింది. మొదటి వయొలిన్ వాద్యకారుని మోచేయి ఒక తపస్వి."

మోచేయి తపస్వి కాదు నాయనా, మోచేతికి జామీను దొరకలేదు అందామనుకున్నాను. ఎవరితో అనను? మా చిన్నది ఆ రాతలో ఎక్కడుందో వెతికాను. "తక్కిన ముగ్గురు" అన్న మాటలో మూడో వంతు ఉంది.

ఆ పొద్దున్నే కొంగ పరిగెత్తుకుంటూ వచ్చాడు. అప్పటికి మా అత్త చిన్నదాని కోటు బల్ల మీద పరిచి, బ్లేడుతో మొదటి కుట్టు తెంపబోతోంది. కొంగ ఆ కోటు చేతుల్లోంచి లాక్కున్నాడు.

"ముట్టుకోకండి ఆంటీ! దేన్నీ ముట్టుకోకండి!"

"ఇది తప్పు కుట్టురా. సరిచేసి ఇస్తాను."

"తప్పో ఒప్పో, అలాగే ఉండాలి."

అని పేపరు బల్ల మీద పెట్టి కోటుతో వెళ్ళిపోయాడు. దర్జీ చేతిలోంచి కోటు లాక్కోవడం వంట చేసేవాళ్ళ చేతిలోంచి గరిటె లాక్కోవడం లాంటిది. మా అత్త ఆ బ్లేడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అన్నేళ్ళలో ఆవిడకి మాట రాకపోవడం నేను మొదటిసారి చూశాను.

పెద్దాయన రాశాక చిన్నాయనలు ఊరుకుంటారా? ప్రతి పేపర్లోనూ నిగ్రహమే. ఒకరు "మౌనానికి నాలుగు తీగలు" అన్నారు. ఒకరు "ఉడుకు రక్తంలో మంచు" అన్నారు. ఆ కచేరీకి రానివాళ్ళు కూడా రాశారని నాకు గట్టి అనుమానం. రేడియోలో కొంగని కూర్చోబెట్టి అడిగితే, "రెండేళ్ళుగా మేం నిగ్రహం మీదే సాధన చేస్తున్నాం" అన్నాడు. సిగ్గు లేకపోతే సరి! మా అత్త వింటూ విసురుగా రేడియో కట్టేసింది. ఊళ్ళోకెల్లా పెద్ద హాల్లో వాయించమని పిలుపు వచ్చింది. ఆ హాల్లో బాగుందనిపించుకుంటే రికార్డింగ్ చేస్తామని ఒక కంపెనీ కూడా ముందుకొచ్చింది.

ఇవన్నీ మా అత్త భరించేదేమో. భరించలేనిది ఫొటో. ఒక పేపరువాళ్ళు కచేరీలో తీసిన ఫొటో అరపేజీ వేశారు. నలుగురూ చేతులెత్తి ఉన్నారు. నలుగురి చంకల్లోంచి వీపు దాకా ముడతలు, ఎలకలు పరిగెత్తిన దారుల్లా. కాలర్లు మెడ వదిలి పైకి లేచాయి. సంగీతం తెలిసినవాళ్ళకి అందులో సంగీతం కనబడిందేమో గానీ, దర్జీలకి మాత్రం మా దుకాణం కనబడింది. సూటు మాస్టారు ఆ ఫొటో కత్తిరించి, తన షాపు అద్దానికి లోపలి వైపు నుంచి అంటించాడు. కింద ఒక్క అక్షరం రాయలేదు. రాయక్కర్లేదు కదా.

ఆ వీధిలో మా అత్త తలెత్తుకుని నడిచింది అదొక్క పేరు మీదే. ముడత లేని కోటు. మొగుడు పోయినా, కొడుకు వేరుపడినా, కూతురు మొహం తిప్పుకున్నా ఆ పేరు ఆవిడతో ఉంది. ఇప్పుడు ఆవిడ తప్పుని నలుగురు పిల్లలు తొడుక్కుని ఊరంతా తిరుగుతున్నారు, ఊరు చప్పట్లు కొడుతోంది. దాన్ని వెనక్కి తెచ్చుకుని సరిచెయ్యాలి. ఆవిడకి కావలసింది అంతే, అంతకంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ కాదు.

"పద" అంది ఒక మధ్యాహ్నం. నన్ను వెంటపెట్టుకుని వాళ్ళు సాధన చేసే చోటుకి బయల్దేరింది. టైర్ల గోదాం పైన ఒక గది. మెట్ల నిండా రబ్బరు వాసన. పైకి వెళ్ళేసరికి వాయిస్తున్నారు. అంత ఉక్కలో, కిటికీలు మూసి, నలుగురూ కోట్లు తొడుక్కుని వాయిస్తున్నారు! చెమట కారి గడ్డాల కింద వయొలిన్లు జారిపోతున్నాయి. పేపర్లు వచ్చినప్పటి నుంచి కొంగ పెట్టిన నియమమట అది. కోటు లేకుండా వాయిస్తే చేతులు పాత అలవాటుకి పోతాయి, నిగ్రహం చెడుతుంది అని.

మా అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. కూతురు వాయించడం ఆవిడ చూడటం అదే మొదటిసారి. చూసింది అంటున్నాను, విన్నది అనడం లేదు. ఆవిడ చూపంతా చిన్నదాని కుడి భుజం మీదే ఉంది. కమాను లాగినప్పుడల్లా భుజం చెవి వైపుకి లేస్తోంది, పెదవి పంటి కింద నలుగుతోంది.

"ఆపండి" అంది.

ఆపారు. కొంగ లేచాడు. "ఆంటీ, సాధనలో ఉన్నాం."

"ఆ కోట్లు విప్పి ఇవ్వండి. నాలుగు రోజుల్లో సరిచేసి ఇస్తాను. పైసా ఇవ్వక్కర్లేదు."

"మీరు చేసింది మాకు మంచే అయింది కదా. ఎందుకండీ ఇంకా?"

"నేను చేసింది చెడ్డపని. అది మీకు మంచి ఎలా అయిందో నాకనవసరం. నా చెడ్డపని నాకిచ్చెయ్యండి."

పీపా నవ్వాడు. నిద్రమొహం తలొంచుకున్నాడు. కొంగ కమాను ఆవిడ వైపు చూపిస్తూ, "మీకు సంగీతం తెలియదు. ఈ బిగువే మా సంగీతం ఇప్పుడు" అన్నాడు.

"నీకు చంక తెలియదు. అది నా కూతురి భుజం."

"అమ్మా, వెళ్ళు" అంది చిన్నది. గట్టిగా కూడా కాదు. నేల వైపు చూస్తూ అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. ఏదన్నా చెప్పాలంటే నాకు చెప్పేవాళ్ళు, ఎదురుగా మూడడుగుల్లో నిలబడి. "మీ అత్తతో చెప్పు, నాకు భోజనం వద్దు." "దాంతో చెప్పు, తినకపోతే కమాను ఎత్తలేదు." నేనేమైనా పోస్టుమాస్టర్నా? ఇద్దరినీ కలిపి చెంపలు వాయించాలనిపించేది. చిన్నది భుజానికి నొప్పి మందు రాసుకుని తలుపేసుకునేది. ఆ ఘాటు దుకాణం దాకా వచ్చేది. వాసన రాగానే మా అత్త మిషన్ వేగం పెంచేది.

పెద్ద హాలు కచేరీ దగ్గరపడింది. చెమటకి కంపు కొడుతున్న కోట్లని కొంగ లాండ్రీకి వేశాడు. ఉతికి, ఇస్త్రీ చేసి, కచేరీ రోజున నేరుగా హాలుకి పంపమన్నాడట. ఆ లాండ్రీ ఎవరిది? మా వీధి చివర ఆవిడది. మేం ఇస్త్రీకి ఎక్కువైన పని ఇచ్చేది అక్కడే. ఆవిడే వచ్చి మా అత్త చెవిలో వేసింది, పుణ్యం కట్టుకుందో పాపం కట్టుకుందో. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టయింది.

"అత్తా, వద్దు" అన్నాను. "వాళ్ళు వద్దన్నారు. వాళ్ళ కోట్లు అవి."

"తొడుక్కోవడం వాళ్ళది. కుట్టు నాది."

"అల్లరైపోతుంది."

"నా పరువు అద్దానికి వేలాడుతున్నప్పుడు అల్లరి కాలేదా? వెళ్ళి తీసుకురా."

వెళ్ళి తెచ్చాను. తిట్టుకుంటూనే తెచ్చాను. రెండు రోజులు షట్టర్ దించి, లోపలి తలుపు గడియపెట్టి, రాత్రీపగలూ కూర్చున్నాం. మంచి దర్జీ ఎప్పుడూ మిగిలిన గుడ్డ పారెయ్యదు. ఆ నల్లగుడ్డ ముక్కలు మూటలో ఉండనే ఉన్నాయి. చంక కింద కుట్టు విప్పి, నలుపలకల ముక్క ఒకటి కత్తిరించి లోపల కూర్చోబెడితే చెయ్యి పైకి లేస్తుంది, దించితే ముక్క మడతలో దాక్కుంటుంది. ఎవరికీ కనబడదు. ఒక్కొక్కటీ తనే తొడుక్కుని, చెయ్యెత్తి, లేని కమాను లాగి చూసింది. పీపా కోట్లో ఆవిడ తప్పిపోయినట్టుంది, నాకు నవ్వాగలేదు. ఆవిడకి నవ్వు రాలేదు.

చివర మిగిలింది చిన్నదాని కోటు. లైనింగ్ తిరగేసేసరికి మా అత్త చెయ్యి ఆగిపోయింది. కుడి చంక దగ్గర లైనింగ్ చిరిగి ఉంది. ఆ చిరుగుని ఎవరో చేత్తో కుట్టారు. వంకరటింకరగా, పొడుగు ఒకటి పొట్టి ఒకటి, ముళ్ళు పైకి తేలి. దారం రంగు కూడా కలవలేదు. నలుపు బదులు ముదురు నీలం.

"ఇది ఎవరి కుట్టు?" అని అడిగింది, తెలిసి కూడా.

సూది పట్టనని ఒట్టు పెట్టుకున్న పిల్ల, తల్లిని అడగలేక, తలుపేసుకుని తనే సూది పట్టింది. పట్టి ఎన్నిసార్లు వేలికి గుచ్చుకుందో. మా అత్త ఏడ్చింది. ఆవిడ ఏడుపు కూడా తిట్టినట్టే ఉంటుంది. "మొండిముండ, చెప్పచ్చు కదా, నోరుంది కదా" అంటూ ఏడ్చింది. తర్వాత చంక కుట్టంతా విప్పింది, ముక్క వేసింది. ఆ నీలం దారం కుట్టు మాత్రం విప్పలేదు. అలాగే వదిలేసి లైనింగ్ మూసేసింది. కచేరీ ముందురోజు నాలుగు కోట్లూ లాండ్రీకి తిరిగి ఇచ్చేశాను, అక్కడి నుంచి హాలుకి చేరాయి.

కచేరీకి మేమిద్దరం వెళ్ళాం. ఆవిడ అసలు అలాంటి హాల్లో అడుగుపెట్టడం అదే మొదలు. కుర్చీలో కూర్చుని ముందువాడి కోటు కాలరు చూసి పెదవి విరిచింది. నలుగురూ వచ్చి కూర్చున్నారు. కొంగ వయొలిన్ ఎత్తాడు, తల ఊపాడు, కమాను లాగాడు.

ఆగవలసిన చోట కమాను ఆగలేదు. సాఫీగా చివరిదాకా వెళ్ళిపోయింది. వాడి మొహం చూడాలి! నీళ్ళున్నాయనుకున్న బిందె ఎత్తితే ఖాళీదైనప్పుడు చెయ్యి ఎలా పైకి ఎగురుతుందో అలా ఎగిరింది వాడి చెయ్యి. మిగతా ముగ్గురికీ అదే పరిస్థితి. ఒకరినొకరు చూసుకున్నారు, కానీ మధ్యలో ఆపలేరుగా. మొదటి భాగమంతా కంగారుగానే నడిచింది. సంగీతం తెలియని నాకే తెలిసింది. ఒకరు ముందు, ఒకరు వెనక. రెండో భాగంలో మా చిన్నది ముందుగా సర్దుకుంది. భుజం దించి, మెడ వదులు చేసి, చెయ్యి పూర్తిగా చాపి వాయించడం మొదలుపెట్టింది. ఆ పిల్ల వయొలిన్‌కి అంత గొంతుందని నాకు తెలియదు. బాగుందా బాగులేదా అని అడిగితే నేను చెప్పలేను. హాల్లో దగ్గు ఆగిపోయింది. మా అత్త నా మణికట్టు పట్టుకుని నొక్కుతోంది. చప్పట్లు చాలాసేపు కొట్టారు. కొంగ వంగి నమస్కరిస్తూనే చంక తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాట్ట ఒకడు. ఇక్కడ దొంగ నా పక్కన కూర్చుంది, తడుముకునేది వాడు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. మా అత్త ముందు ఫొటోయే చూసింది. భూతద్దం పెట్టి మరీ చూసింది.

"ఒక్క ముడత లేదే!" అంది, చిన్నపిల్లలా.

"కింద రాసింది చదవనా?"

"చదువు."

"నిగ్రహం ఎక్కడికి పోయింది? కీర్తి తలకెక్కితే చేతులు ఇలాగే బారలు చాస్తాయి. నిన్నటి తపస్వులు నేడు అందరిలాగే అరిచారు. ముఖ్యంగా రెండో వయొలిన్, తన స్థానం మరిచి..."

అక్కడ నేను ఆగాను. ఆ పెద్దాయన మా చిన్నది ఒకతుందని గుర్తించడం అదే మొదటిసారి, గుర్తించింది ఇందుకు. మా అత్త పేపరు మడిచి బల్ల సొరుగులో పెట్టింది. ఎదురుగా సూటు మాస్టారు మాత్రం పేపరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, చాలాసేపు చూసి, లోపలికెళ్ళి అద్దం మీది పాత ఫొటో గోకి తీసేశాడు. ఆవిడ గెలిచింది. కానీ ఆ గెలుపు గొంతు దిగడం లేదని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

మూడు రోజులకి కొంగ వచ్చాడు. రికార్డింగ్ కంపెనీ వెనక్కి తగ్గిందట. కోట్లు తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. కోపంతో మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"మీరే చేశారు కదా?"

"నేనే చేశాను."

"మమ్మల్ని నాశనం చేశారు! చెప్పకుండా, అడక్కుండా... మీరు మనిషేనా?"

"అడిగాను. మీ గుమ్మం దాకా వచ్చి అడిగాను. చెప్పకపోవడం మాత్రం తప్పే, ఒప్పుకుంటాను."

"ఒప్పుకుని ఏం లాభం? మళ్ళీ మునుపటిలా బిగించండి. సరిగ్గా అలాగే. ఇవాళే."

మా అత్త కోటు చేతిలోకి తీసుకుంది. చంక కింద బొటనవేలు పెట్టి నిమిరింది. ఒక క్షణం చేస్తుందేమో అనుకున్నాను. కూతురి బతుకుతెరువు కూడా అందులోనే ఉంది మరి.

"నాకు రాదు" అంది.

"రాదంటే?"

"అప్పుడు తెలియక చేశాను కాబట్టి వచ్చింది. తెలిసి చెయ్యమంటే నా చెయ్యి పోదు బాబూ. ఎదురుగా మాస్టారు ఉన్నాడు, ఆయన్ని అడుగు."

వాడు ఏవేవో అన్నాడు. ముసలిదానా అని కూడా అన్నాడు. నేను ఇస్త్రీపెట్టె పట్టుకుని లేచాను గానీ మా అత్త చేత్తో ఆపింది. ఆవిడ వాడి మాటలు వినడం లేదు. బల్ల మీది కోట్లు ఒకటొకటిగా కాలరు పట్టుకుని పక్కకి పెడుతోంది. పొడుగుది. గుండ్రటిది. నిద్రమొహానిది.

"నాలుగోది ఏది?"

కొంగ చూపు వీధి వైపు తిప్పాడు.

"నాలుగోది ఏదిరా?"

"ఇవ్వనంది" అన్నాడు. "ఇవ్వకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటాం అని చెప్పాను. అయినా ఇవ్వనంది. ఇంకొకరు దొరికారు కూడా."

మూడు కోట్లూ ఎత్తుకుని, రోడ్డు దాటి, సూటు మాస్టారి గుమ్మం ఎక్కాడు. మా అత్త స్టూలు మీద కూలబడింది. తన తప్పు సరిదిద్దుకోబోయి కూతురి కుర్చీ లాగేసింది.

సాయంత్రం చిన్నది వచ్చింది. చేతిలో వయొలిన్ పెట్టె, ఒంటి మీద కోటు. వెనక తలుపు నుంచి కాదు, వీధి వైపు నుంచి, బేరానికి వచ్చినవాళ్ళలా దుకాణం మెట్లెక్కి వచ్చింది. నా వైపు చూడలేదు. నాతో చెప్పమని అనలేదు. అద్దం ముందు నిలబడి, పెట్టె తెరిచి, వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని కమాను ఎత్తింది.

"ఎడమ వైపు ఇంకా కొంచెం పట్టేస్తోంది" అంది, అద్దంలోని తల్లితో.

"మరి ట్రయల్‌కి రమ్మంటే వచ్చావా?"

"చెయ్యెత్తించి కొలవమంటే కొలిచావా?"

"చాల్లే. కదలకు."

మా అత్త మెళ్ళోంచి టేపు తీసింది. చిన్నది చెయ్యి దించబోయింది.

"దించకు" అంది మా అత్త. "వాయిస్తూ ఉండు, కొలుస్తాను."